ఎడమ చెంప మీది మంగు

గుడి క్యాంటీన్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని, ముక్కూ మొహం తెలియని మనిషిని, "ఎన్నో నెలమ్మా?" అని అడగొచ్చా? అడగకూడదు. కానీ మనవాళ్ల నోళ్లకి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అది కాకినాడైనా ఒకటే, నార్త్ కరొలైనాలోని క్యారీ అయినా ఒకటే.

2013 మే నెలలో ఒక ఆదివారం జ్ఞానప్రసూనని అలా అడిగిందో పెద్దావిడ. కొడుకు దగ్గరికి ఆర్నెల్ల కోసం వచ్చినట్టుంది. నేత చీర, దాని మీద స్వెట్టరు, కాళ్లకి కోడలి బూట్లు. పాపం, మంచి మనిషే. ప్రసూన ఎడమ చెంప వైపు చూసి, "మంగు బాగా దిగిందే! అయితే ఆడపిల్లే. దిగులుపడకు తల్లీ, పురుడొచ్చాక దానంతటదే పోతుంది" అని ధైర్యం కూడా చెప్పింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఆడపిల్లే. పురుడు కూడా వచ్చింది. వచ్చి పధ్నాలుగు నెలలైంది. మంగే పోలేదు.

"నాలుగో నెలండీ" అంది ప్రసూన.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. పెద్దావిడ సంబరపడిపోయి తన ప్లేట్లోని లడ్డూ తీసి ప్రసూన ప్లేట్లో పెట్టింది. ప్రసూన వెనక్కి తిరిగేసరికి భర్త శ్రీధర్ రెండు చేతుల్లో రెండు మజ్జిగ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. విన్నాడు. విన్నట్టు అతని మొహంలోనే తెలుస్తోంది. కారెక్కారు, ఇంటికొచ్చారు, గ్యారేజీ తలుపు దిగింది. ఆ లడ్డూ మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉండి, తర్వాత చెత్తలోకి వెళ్లింది.

అసలు సంగతి చెప్పాలి కదా. కిందటేడాది మార్చిలో ప్రసూనకి ఎనిమిదో నెల. ఆ రోజుల్లో క్యారీలో పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లూ, మెట్లూ, మెయిల్‌బాక్సులూ అన్నీ పసుపు చల్లినట్టు అయిపోతాయి. అలాంటి ఒక పొద్దున్న లేచేసరికి కడుపులో కదలిక లేదు. చల్లటి నీళ్లు తాగింది. పక్కకి తిరిగి పడుకుంది. పంచదార నోట్లో వేసుకుంది. లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ స్క్రీను తన వైపుకి తిప్పుకుని చాలాసేపు చూసి, ముందు ప్రసూన చెయ్యి పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం కాన్పయింది. పురుడు పొయ్యడానికని తెనాలి నుంచి పదిరోజుల ముందే వచ్చిన అత్తగారు లీలావతి గారు మంచం పక్కనే ఉన్నారు. "చూడకు తల్లీ" అన్నారావిడ. "ఎత్తుకోకూడదు, పేరు పెట్టకూడదు, ఫొటో తియ్యకూడదు. చూశావంటే జన్మలో వదలదు. మొహం అటు తిప్పుకో." అవతల డార్లీన్ అనే నర్సు ఒక చిన్న తెల్లటి పెట్టె గురించి చెబుతోంది. చేతి ముద్ర తీసి అందులో పెడతాం, ఫొటో పెడతాం, టోపీ పెడతాం, ఇంటికి తీసుకెళ్లండి అంటోంది.

ప్రసూన మందుల మగతలో ఉంది. మగతలో ఉన్నానని తర్వాత తనకి తాను వెయ్యిసార్లు చెప్పుకుంది గానీ, నిజం చెప్పొద్దూ, తెలివి ఉంది. నర్సు మాటా వినిపించింది, అత్తగారి మాటా వినిపించింది. ఆమె కుడిపక్కకి, గోడ వైపుకి తిరిగి పడుకుంది. గోడకి లేతనీలం రంగు, దాని మీద ఒక స్విచ్చి. వెనక నుంచి శ్రీధర్ గొంతు "నో, థాంక్యూ" అనడం వినిపించింది.

ఇంట్లో ఏమైనా మిగిలిందా అంటే, మిగలడానికి ఏమీ లేదు. పుట్టకముందే కొనకూడదని మన ఆచారం కదా! ఉయ్యాల కొనలేదు, గౌను కొనలేదు, గిలక్కాయ కొనలేదు. ఆఫీసువాళ్లు సీమంతంలా చేస్తామన్న బేబీ షవర్‌ని కూడా లీలావతి గారు వద్దనిపించారు. అమెరికావాళ్ల ఇళ్లలో అయితే గదికి రంగేసి ఉంచుతారు, ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడవొచ్చు. ప్రసూన ఏ గదిలోకి వెళ్లాలి? ఎనిమిది నెలలు కడుపులో ఉన్న పిల్ల ఈ లోకంలో వదిలి వెళ్లింది ఒకే ఒక్కటి. తల్లి ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా, కాఫీ ఒలికినట్టు ఒక మచ్చ.

గుళ్లో ఆ మాట పడిన మర్నాడే ప్రసూన రేణు దగ్గరికి వెళ్లింది. మచ్చ పోవాలి. ఇంకొకరు వేలు చూపించి అడిగేలోపల పోవాలి. రేణు వరంగల్ మనిషి. మొగుడు ఆఫీసుకి వెళ్లాక తమ ఇంటి మేడ మీద గదిలో ఐబ్రోస్ చేస్తుంది. ఒక వాలుకుర్చీ, ఒక పెద్ద లైటు, నాలుగు దారపు రీళ్లు, అంతే సరంజామా. క్యారీలో తెలుగు ఆడవాళ్లు సగంమంది ఆమె దారం కిందికి రావాల్సిందే. బోర్డు లేదు, ఫోన్ చేసి వెళ్లడమే.

రేణు మచ్చని లైటు కింద చూసి, గోధుమరంగు సీసా ఒకటి తీసింది. "గ్లైకాలిక్ యాసిడ్. ఇరవై పర్సెంట్."

"యాసిడా!" ప్రసూన చెంప మీద చెయ్యేసుకుంది.

"గట్ల బెదురకు. బాత్రూం కడిగేది కాదిది. చెరుకుల నుంచి తీస్తరట. మీద చచ్చిన తోలు పేరుకొని ఉంటది సూడు, దాన్ని మెల్లగ ఊడగొడతది. కింద కొత్త తోలు వస్తది. కుంచెతోని రాసి రెండు నిమిషాలు, అంతే. టైమర్ పెట్టుకో. చల్లటి నీళ్లల్ల వంటసోడా కలిపి కడుగు. పదిహేను రోజులకు ఒక్కసారే. సన్‌స్క్రీన్ లేకుంటె మెయిల్‌బాక్స్ దాంక గూడ పోవద్దు. సున్నిపిండి రుద్దినవంటె మల్ల నా గడప తొక్కకు."

"ఎక్కువసేపు ఉంచితే తొందరగా పోతుందా?"

"తొందరగ పోయేది మచ్చ కాదక్కా, మొహం!" రేణు సీసా వెనక్కి లాక్కుంది. "మన తోలు తెల్లోళ్ల తోలు లెక్క కాదు. కాలిందంటె ఇప్పుడున్నదానికంటె ఇంకింత నల్లగైతది. నీకు దండం పెడత, జోరు చెయ్యకు." బుద్ధిగా ఉంటానని ప్రసూన మాటిచ్చాకే సీసా చేతిలో పెట్టింది.

శ్రీధర్ శనివారం పొద్దున్నే క్రికెట్‌కి వెళ్తే మూడింటికి గానీ రాడు. ఇదివరకు నెలకోసారి వెళ్లేవాడు, ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క శనివారం మానలేదు. ఇంట్లో ఉన్నా గడ్డి కొయ్యడమో, గ్యారేజీ సర్దడమో. భోజనాల దగ్గర కూడా పప్పుగిన్నెతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. భార్య మొహం వైపు సూటిగా చూసి ఎన్నాళ్లయిందో. అదీ ఈ మంగు వల్లనే అనుకుంది ప్రసూన. మచ్చ పోతే అన్నీ సర్దుకుంటాయనుకుంది. ఎంత పిచ్చి ఆశ!

ఆ శనివారం పదకొండు గంటలకి, ఇడ్లీలకి వాడే టైమర్ పక్కన పెట్టుకుని, బాత్రూం అద్దం ముందు నిలబడి చెంప మీద రాసుకుంది. చూడ్డానికి నీళ్లలాగే ఉంది. మొదటి నిమిషం చీమలు పాకినట్టు చురచుర. రెండో నిమిషంలో ఆ చురచుర అంతా ఒకచోట పోగుపడింది. పోగుపడి, కదిలింది. చీమలు కావవి. వేళ్లు.

చిన్న చిన్న వేళ్లు. కంటి కింద మొదలుపెట్టి, మంగు ఉన్నంత మేరా, దాని అంచు దాటకుండా, నెమ్మదిగా తడుముతున్నాయి. పాలు తాగే పిల్లలు తల్లి మొహాన్ని తడుముతారే, అచ్చం అలా. ఆమె కళ్లు మూసుకుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ లెక్కపెట్టింది. నాలుగే. కళ్లు తెరిస్తే అద్దంలో ఎర్రబడిన తన చెంప తప్ప ఏమీ లేదు. టైమర్ మోగింది. నీళ్లు చల్లగానే వేళ్లు పోయాయి.

ఆ రోజంతా ఏ పని చేస్తున్నా అదే ఆలోచన. భ్రమే. యాసిడ్ పడితే చర్మం చిమచిమలాడదా? ఆడుతుంది. మరి చిమచిమకి వేళ్లెలా వస్తాయి? పోనీ భ్రమే అయితే ఐదు వేళ్లూ రావాలిగా, నాలుగే ఎందుకొస్తాయి? ఐదోది ఏది? వంకాయలు తరుగుతూ తరుగుతూ ఆమె కత్తి పక్కన పెట్టి, తన చేతివేళ్లు తనే చూసుకుంటూ నిలబడిపోయింది.

పదిహేను రోజులు ఆగాలి. రోజులు లెక్కపెట్టుకుంటూ ఆగింది. మధ్యలో ఉండబట్టలేక పెరుగు రాసి చూసింది, రాలేదు. నిమ్మకాయ రుద్దింది, మండింది గానీ రాలేదు. రెండోసారి యాసిడ్ రాయగానే వచ్చాయి. మూడోసారీ వచ్చాయి. అప్పుడు ప్రసూన "అమ్మడూ" అని పిలిచింది. పేరు పెట్టకూడదన్నారు గానీ, పిలవకూడదని ఎవరూ అనలేదు కదా. పిలవగానే వేళ్లు ఆగాయి, విన్నట్టు. ఆగి, మళ్లీ తడమడం మొదలుపెట్టాయి.

అది వెతుకులాట అని అప్పుడు తెలిసింది ఆమెకి. తను ఆ రోజు కుడిపక్కకి తిరిగి పడుకుంది. పిల్లకి ఏమైనా కనిపించిందంటే తల్లి మొహం కాదు, ఎడమ చెంప. మంగు ఉన్న చెంప. ఆ ఒక్క ఆనవాలు పట్టుకుని వెతుక్కుంటూ వస్తోంది. నేను దాన్ని చూడలేదు, అందుకని అదే నన్ను చూడ్డానికి వస్తోంది అనుకుంది ప్రసూన. ఒళ్లంతా గగుర్పొడిచింది. భయం మాత్రం వెయ్యలేదు. సిగ్గేసింది.

జూన్ నెలాఖరుకి మంగు సగం తేలిపోయింది. ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే ఆడవాళ్లంతా చుట్టుముట్టి "ఏం చేశావే, మొహం ఇంత తేటపడింది!" అని ఒకటే గొడవ. ఒకావిడ ఇంటికెళ్లగానే దిష్టి తీయించుకోమంది. ప్రసూన పైకి నవ్వింది గానీ లోపల ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే ఆ పొద్దున్న నాలుగు వేళ్లు రాలేదు. మూడే వచ్చాయి. మచ్చ ఎంతవరకు ఉంటే వేళ్లు అంతవరకే వస్తాయి. మచ్చ లేనిచోట తచ్చాడి, దారి తప్పి, ఆగిపోతున్నాయి.

అక్కడ పడింది మెలిక. యాసిడ్ పడితే గానీ పిల్ల రాదు. యాసిడ్ పడేకొద్దీ పిల్ల గుర్తుపట్టే ఆనవాలు చెరిగిపోతుంది. తన బిడ్డని తనే, కుంచె పట్టుకుని, పొరపొరగా తుడిచేస్తోంది. సంగతి తెలిసి కూడా ఆపలేకపోయింది. ఆపితే ఆ రెండు నిమిషాలు కూడా ఉండవు. ఏ తల్లి ఆపుతుందో మీరే చెప్పండి.

పదిహేను రోజులు కాస్తా వారమైంది, వారం మూడు రోజులైంది. ఇరవై పర్సెంట్ ముప్ఫై అయింది. ముక్కు పక్కన చర్మం ఉల్లిపొట్టులా లేచింది. అన్నం తింటే పెదవి మూల భగ్గుమనేది. "మొహం ఎర్రగా ఉందేంటి?" అన్నాడు శ్రీధర్ ఒకరోజు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "ఎండ" అంది ప్రసూన. అతను సరేనన్నాడు.

ప్రసూన ఉద్యోగం మందుల ట్రయల్స్ డేటాకి ప్రోగ్రాములు రాయడం. ఎవరికి దద్దుర్లొచ్చాయి, ఎవరికి చర్మం కాలింది, ఎవరు చనిపోయారు, అన్నీ స్క్రీను మీద వరసలు. ఆ వరసల్లో మనుషుల పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఆరేళ్లుగా చేస్తున్న పని, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఒక్కో నంబరు దగ్గర ఆగిపోయి, ఇంట్లో వీళ్లని ఏమని పిలిచేవాళ్లో అనుకుంటూ కూర్చునేది. రెండుసార్లు మేనేజరు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్లింది.

మళ్లీ సీసా కోసం వెళ్తే రేణు ఆమె గడ్డం పట్టుకుని లైటు కిందికి తిప్పి ముక్కున వేలేసుకుంది. "ఇదేందక్కా! పచ్చిపుండు చేసుకున్నవ్ గదా! మచ్చ పోయింది, ఇంక దేనికి?"

"ఇంకొక్క సీసా ఇవ్వు రేణూ. ఇదే ఆఖరు."

"సీసా లేదు, గీసా లేదు. బంద్ చెయ్. ఏమైంది నీకు? కండ్లు గట్లున్నయేంది?" రేణు గొంతులో నిజంగానే భయం ఉంది. ఆ భయం చూసి ప్రసూన గబగబా చెప్పులేసుకుని మెట్లు దిగింది. ఇంటికొచ్చి నెట్‌లో డెబ్భై పర్సెంట్ సీసా ఆర్డర్ చేసింది. నాలుగు రోజుల్లో గుమ్మం ముందుకొచ్చింది. డాక్టర్లు మాత్రమే వాడాలని దాని మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది.

ఆగస్టు మూడో శనివారం. ఆకాశం మబ్బుపట్టి ఉన్నా శ్రీధర్ కిట్టు వేసుకుని వెళ్లాడు. ప్రసూన అద్దం ముందు నిలబడింది. మంగు కంటి కింద చింతగింజంత మిగిలింది. దీంతో అదీ పోతుందని ఆమెకి తెలుసు. పోయేముందు ఒక్కసారి, నాలుగు వేళ్లూ ఒక్కసారి వస్తే చాలు. క్షమించమని అడగాలి. చూడనందుకు.

ఆ గింజ మీదే కాదు, మంగు ఒకప్పుడు ఉన్నంత మేరా రాసింది. మంట గుప్పుమంది. రెండు నిమిషాలైనా వేళ్లు రాలేదు. టైమర్ మోగింది, నొక్కి ఆపేసింది. మూడు నిమిషాలు. నాలుగు. చెంప పెనం మీద పెట్టినట్టుంది, కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి. "అమ్మడూ, ఇటు. ఇక్కడే ఉన్నాను. ఇటు రా" అని పిలుస్తూనే ఉంది. ఐదో నిమిషంలో ఒక వేలు. తర్వాత ఇంకోటి. తర్వాత నాలుగూ, మొదటిరోజు వచ్చినట్టే, అంతకంటే గట్టిగా, చెంపని పట్టుకుని వదలనన్నట్టు. ప్రసూన ఏడుస్తూ నవ్వింది.

బయట వాన దంచేస్తోంది. ఆట ఆగిపోయి శ్రీధర్ తిరిగొచ్చాడు. మేడ మీద బాత్రూంలోంచి మాటలు వినిపిస్తుంటే తడిబూట్లతోనే పరిగెత్తుకొచ్చి తలుపు తోశాడు. భార్య చెంప సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"ప్రసూనా! ఏం రాసుకున్నావ్? ఏంటిది?"

"ముట్టుకోకు! అది వచ్చింది. ఇప్పుడే వచ్చింది. కడిగితే పోతుంది శ్రీధర్, ఒక్క నిమిషం, నీ కాళ్లు పట్టుకుంటాను..."

అతను వినలేదు. ఆమెని షవర్ కిందికి లాగి, చన్నీళ్లు వదిలి, రెండు చేతులతో తల పట్టుకుని చెంపని నీళ్ల కింద పెట్టాడు. ఆమె గింజుకుంది, రక్కింది, చెయ్యి కొరికింది. అతను వదల్లేదు. చాలాసేపటికి ఆమె ఒళ్లు వదిలేసి ఆ తడినేల మీదే కూలబడింది.

"పోయింది" అంది. "అప్పుడూ నువ్వే వద్దన్నావ్. ఇప్పుడూ నువ్వే పంపించేశావ్."

అర్జెంట్ కేర్ క్లినిక్‌లో డాక్టరు మందు రాసి పట్టీ వేశాడు. కంటికి ప్రమాదం తప్పింది, చెంప మీద మాత్రం మచ్చ పడుతుంది అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కూడా వాన తగ్గలేదు. కారులో ప్రసూన, ఎదురుగా అద్దం మీద ఆడుతున్న వైపర్లని చూస్తూ, ఒక్కో మాటే చెప్పింది. "యాసిడ్ రాస్తే అమ్మడు వస్తుంది. వచ్చి నా చెంప తడుముతుంది. నాకు పిచ్చెక్కిందనుకో, ఏమైనా అనుకో. నేను దాన్ని చూడలేదు కదా, అందుకని అదే వస్తోంది. నీకూ ఈ మంగు చూస్తే అసహ్యం, నాకు తెలుసు. అది పోతే నువ్వైనా నా మొహం చూస్తావనే మొదలుపెట్టాను."

శ్రీధర్ కారుని ఒక మందులషాపు ముందు ఆపేశాడు. స్టీరింగ్ వదల్లేదు.

"నేను చూశాను" అన్నాడు.

ప్రసూనకి మొదట అర్థం కాలేదు.

"నువ్వు నిద్రపోయాక డార్లీన్ వచ్చి, తీసుకెళ్లిపోతున్నాం, ఒక్కసారి చూస్తారా అంది. అమ్మ కాఫీకని కిందికెళ్లింది. వెళ్లాను. దుప్పటిలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. మొహం ఒక్కటే కనబడుతోంది. రెండు నిమిషాలు ఎత్తుకున్నానేమో. ఇంకాసేపు ఉంచుకోండి అంది. నా వల్ల కాలేదు ప్రసూనా. ఇచ్చేశాను."

"పదిహేడు నెలలు!" ప్రసూన అరుపుకి పట్టీ కింద చెంప భగ్గుమంది. "పదిహేడు నెలలు ఒక్కడివే దాచుకున్నావా? నా పక్కన పడుకుని, నా చేతి అన్నం తింటూ?"

"అమ్మకి చెప్పేశాను. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. నాకంటే ముందు తనకీ ఒకడు పుట్టి పోయాడట. వాళ్లు చూపించారట. నలభై ఏళ్లైనా కళ్లు మూసుకుంటే వాడే కనిపిస్తాడట. ఆ నరకం నీకొద్దనుకుంది." అతను వైపర్లు ఆపేశాడు. "దానికి నీ ముక్కే. నీ నుదురే. నీ వైపు చూస్తే అదే కనిపిస్తుంది నాకు. అందుకే చూడలేకపోయాను. మంగుదేముంది!"

ప్రసూన అతన్ని కొట్టింది. భుజం మీద, గుండె మీద, తడిచొక్కా మీద, ఓపిక ఉన్నంతసేపూ కొట్టింది. అతను కొట్టించుకున్నాడు. ఆమె అలిసిపోయి అతని భుజానికి తల ఆనించాక, నెత్తి మీద, కారు అద్దానికి ఎండ అడ్డే రెక్క మడతలోంచి ఒక కార్డు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆసుపత్రి కార్డు. వెనకవైపు డార్లీన్ పెన్నుతో రాసిన నంబరు. వద్దన్నా సరే పెట్టె తయారుచేసి దాచే ఉంచుతాం, ఎన్నేళ్లకి మనసైతే అన్నేళ్లకి రండి అని చెప్పిందట. ఇన్నాళ్లూ అతను రోజూ ఆఫీసుకి ఆ కార్డు కిందే కూర్చుని వెళ్లొచ్చాడు.

చెంప మానడానికి నెల దాటింది. రేణు చెప్పినంతా జరిగింది. మంగు ఉన్నచోటే, అంతకు ముందుకంటే ముదురుగా, నల్లటి మచ్చ దిగింది. ఏడాదికి తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు అన్నాడు చర్మం డాక్టరు. పేషెంటు మొహంలో దిగులు కనబడకపోవడం చూసి ఆయనే తికమకపడ్డాడు. వేళ్లు మాత్రం మళ్లీ రాలేదు. ప్రసూన సీసాలన్నీ, నెట్‌లో కొన్నదానితో సహా, రేణుకి ఇచ్చేసింది.

ఆసుపత్రికి వెళ్లేముందు శ్రీధర్ తెనాలికి ఫోన్ చేసి చెప్పాడు. లీలావతి గారు అంతా విని, "ఎలా ఉందో నాక్కూడా చెప్పండిరా" అన్నారు.

చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, టిష్యూల డబ్బా. డార్లీన్ ఇంకా అక్కడే పనిచేస్తోంది, జుట్టు మరికాస్త నెరిసింది. తెల్ల పెట్టెని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టింది. చెప్పుల డబ్బా కంటే చిన్నది. మూత తీస్తే పైన ఊలు టోపీ, నారింజపండుకి సరిపోయేంత. దాని కింద చేతికి కట్టే ప్లాస్టిక్ పట్టీ. పట్టీ మీద పేరు ఉండాల్సిన చోట 'బేబీ గర్ల్' అని, పక్కన తల్లి పేరు. జ్ఞానప్రసూన అని అన్ని అక్షరాలూ తప్పు లేకుండా రాశారు. దాని కింద ఒక అట్ట. అట్ట మీద నల్లసిరాతో ఎడమ చేతి ముద్ర.

ప్రసూన చూసింది. చూస్తూ చూస్తూ వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నాలుగే ఉన్నాయి" అంది.

"అవును, అదొక్కటే నా వల్ల కాలేదు" అంది డార్లీన్, తనేదో తప్పు చేసినట్టు. "బొటనవేలు అరచేతిలోకి మడిచేసి పెట్టుకుంది. ఎంత నెమ్మదిగా తీసినా మళ్లీ లోపలికే. బలవంతం చెయ్యబుద్ధి కాలేదు. అందుకే ముద్రలో నాలుగే పడ్డాయి."

శ్రీధర్‌కి ఏమీ అర్థం కాలేదు. అతను ఎత్తుకున్నప్పుడు చేతులు దుప్పటి లోపల ఉన్నాయి. భార్య నవ్వుతోందో ఏడుస్తోందో కూడా అతనికి తెలియలేదు. ప్రసూన ఆ అట్టని తీసుకుని ఎడమ చెంపకి, నల్లమచ్చ మీద ఆనించుకుని కూర్చుంది. "ఐదోది ఎక్కడికీ పోలేదు శ్రీధర్" అంది. "గుప్పిట్లోనే ఉంది." ఆ తర్వాత ఇంటికెళ్లాక అతనికి అంతా వివరంగా చెప్పింది. అతను విని, లేచి వెళ్లి గ్యారేజీలో చాలాసేపు ఒక్కడే కూర్చుని వచ్చాడు.

కానీ అది తర్వాతి సంగతి. పెట్టె అడుగున ఇంకొకటుంది. అంటించిన కవరు. "ఫొటో" అంది డార్లీన్. "ఈరోజే చూడాలని లేదు. ఎప్పుడూ చూడకపోయినా తప్పులేదు." శ్రీధర్ అలవాటుగా కిటికీ వైపుకి తల తిప్పుకున్నాడు. ఆ గది గోడలు కూడా లేతనీలం రంగే.

ప్రసూన అతని గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. కవరు అంచు చించి, ఫొటో బయటికి తీసింది. గోడ వైపు తిరగలేదు.